చెన్నదాసు గారు ధారపోసిన పాట

గద్వాల చెన్నదాసు గారు కాలధర్మం చెంది నేటికి పన్నెండు రోజులు. మానవపాడు సంతలో ఎవరో ఆ వార్త చెబితే నేను నమ్మలేదు. "ఏం మాట్లాడుతున్నవయ్యా! పోయిన వారమే నన్ను తిట్టిండు గద!" అని కసిరాను. అంత గట్టిగా తిట్టిన మనిషి వారం తిరక్కుండా ఎలా పోతాడు? గద్వాల చేరేసరికి చితి ఆరిపోయింది. ఎనిమిదేళ్ళు ఆయన పాదసన్నిధిని గడిపినవాణ్ణి, కడసారి ముఖదర్శనానికి నోచుకోలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా!

ఎరగనివారికి చెబుతున్నాను. నాటకసమాజాలకు పాటలు కట్టి, స్వయంగా హార్మోనియం ముందు కూర్చుని పాడిన విద్వన్మణి ఆయన. వనవాసంలో సీతమ్మ దుఃఖం మీద అయిదు చరణాల పాట ఒకటి కట్టారు. అది వింటూ అచ్చంపేట షావుకార్లు సైతం తలగుడ్డతో కళ్ళొత్తుకునేవారట. ఆయన పాటను కాగితం మీద పెట్టేవారు కాదు, నోటితోనే చెప్పేవారు.

ముక్కోపి. శ్రుతి తప్పితే తాళాలు విసిరేవారు. "గీనికి ఇయ్యాల బువ్వ వెట్టకు!" అని లోపలికి కేకవేసేవారు. గురుపత్ని ఈశ్వరమ్మగారు ఆ పూట నాకు రెండు ముద్దలు ఎక్కువే పెట్టేవారు.

మా వైపు గాయకులలో ఒక ఆచారముంది. తాను కట్టిన పాటను ఇంకొకరికి ఇవ్వదలిస్తే తాంబూలంతో, నీళ్ళు విడిచి ధారపోస్తారు. అటుపైన ఇచ్చినవాడు దాన్ని పాడడు, ఎవరికీ నేర్పడు. నేను శిష్యుడిగా చేరిన ఏడాదే, ఆ సీతమ్మ పాట నాకింకా చెప్పకముందే, టాకీ తీసే మద్రాసు వారి మనిషి ఒకడు దానికోసం వచ్చాడు. "బొమ్మలో వాడుకోవడానికి మీ అనుమతి కావాలండీ, అంతే" అని ఇంగ్లీషు కాగితం ముందు పెట్టాడు. గురువుగారు సంతకం చేసి ఊరుకోలేదు. తాంబూలం తెప్పించి, అతని చేతిలో నీళ్ళు విడిచారు. అతడు ఆకువక్క నములుకుంటూ వెళ్ళి రైలెక్కాడు. ఆ నీళ్ళెందుకో అతనికి తెలియనే తెలియదు.

ఆనాటి నుంచి ఆయన నోట ఆ పాట వినబడలేదు. వనపర్తిలో జనం లేచి నిలబడి అడిగితే, "గది నాది గాదు. ఇచ్చేసిన" అని హార్మోనియం మూసేశారు. తరువాత అక్కడి డేరాలోనే ఆ బొమ్మ చూశాం. పాటలో రెండు చరణాలే ఉన్నాయి. బయటికొచ్చి నా భుజం పట్టుకుని, "తక్కిన మూడు ఏం జేసిండ్రురా?" అన్నారు.  నాటకాల్లో ఆ పాట విన్న ముసలివాళ్ళను అడిగి చూశాను. వాళ్ళకు ఏడ్చిన సంగతి జ్ఞాపకముంది, పాట లేదు.

ఆయన మంచం పట్టాక బతిమాలాను. "అయ్యా, గా మూడు చరణాలు నాకు చెప్పుండ్రి. మీతోనే పోతయి."

"నీళ్ళిడిసి ఇచ్చిన. నేనెట్ల చెప్తరా?"

"గా కాగితమన్న జర వకీలుకు చూపిస్త."

"మాటిచ్చినంక కాగితం జూసుడేంది? సిగ్గు లేదా నీకు? పో అవతలికి!"

పోయాను. మళ్ళీ తిడతారని భయపడి, కాగితం ఊసెత్తకుండా మానవపాడు పోయాను.

దశాహం ముగిశాక ఈశ్వరమ్మగారు పెట్టె తెరిచి ఆ కాగితం నా చేతికిచ్చారు. వకీలుగారి ఇల్లు నాలుగిళ్ళ అవతలే. ఆయన అద్దాలు పెట్టుకుని చదివి, "బొమ్మల వాడుకునేతందుకే అనుమతి ఇచ్చిండు. పాట ఆయనదే. పాడుకోవచ్చు, నేర్పుకోవచ్చు, ఇంకొకనికి ఇచ్చుకోవచ్చు. అన్నీ సాఫ్ రాసున్నయి గద!" అన్నారు.

వచ్చి ఈశ్వరమ్మగారికి చెప్పాను. ఆమె కాగితం మడిచి పెట్టెలో పెట్టారు.

"గీ మాట నెల కిందట తెస్తే ఏమయితుండె కొడుకా?"

 గురుదేవా, సత్యసంధా, మీ మాట మీరు నిలుపుకున్నారు. సాష్టాంగ నమస్కారం. కానీ ఆ మూడు చరణాలు ఇక ఈ భూమ్మీద ఎవరికీ రావు.