చెవి మిషన్‌లో తడి

నేను రెండు అబద్ధాలు ఆడాను. ఒకే తల్లితో, ఒకే బల్ల దగ్గర కూర్చుని, నాలుగేళ్ల తేడాతో. ఇరవై ఏళ్లు దాటింది. మొదటిదానికి నా దగ్గర సాకులున్నాయి, అడిగితే వరసగా చెప్పగలను. రెండోదానికి ఒక్కటీ లేదు. ఇన్నేళ్లుగా గుండెల మీద కూర్చున్నది ఆ రెండోదే. కానీ మొదటిది చెప్పకుండా దాని దగ్గరికి రాలేను, కాబట్టి మీరు కాస్త ఓపిక పట్టాలి. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోందేమో.

తొంభైల చివర్లో తిరుపతిలో, ఆసుపత్రులకు దగ్గరి సందులో, చెవి మిషన్లు అమ్మే కొట్లో పనిచేసేవాణ్ణి. అంతకుముందు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసుకునేవాణ్ణి. మా ఓనరు పిలిచి తెల్లకోటు తొడిగించాడు. కోటు వేసుకున్న మర్నాటి నుంచి జనం నన్ను సార్ అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు చాలా నచ్చింది. దాచడం దేనికి.

ఆ రోజుల్లో లేనివాళ్లు కొనుక్కునే మిషన్ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉండేది. పెట్టెను చొక్కా జేబులో పెట్టుకుంటే అందులోంచి తీగ చెవి దాకా వచ్చేది. నగరి నుంచి ఒకామె తన కూతురి కోసం దాన్ని కొన్నది. ఆమె భర్త మరమగ్గాలు నడిపేవాడు, మగ్గం వదిలి రాలేడు. అందుకని ప్రతిసారీ ఆమే బిడ్డను వెంటబెట్టుకుని బస్సులో వచ్చేది. పాపకు అప్పుడు ఆరేళ్లు. పేరు చెప్పను. పాప అనే అంటాను.

మొదటిరోజు మిషన్ పెట్టి, పాప వెనక నిలబడి, స్టీలు పళ్లెంలో స్క్రూడ్రైవర్ పడేశాను. పాప గిరుక్కున తిరిగింది. నన్ను చూసింది, పళ్లేన్ని చూసింది, మళ్లీ వెయ్యమన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. ఏడెనిమిదిసార్లు వేయించింది. వాళ్లమ్మ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. నేను పుట్టుకతో దుర్మార్గుణ్ణి కానని మీతో అనిపించుకోవడానికే ఇది చెబుతున్నానా? కావచ్చు.

ఈ వయసులో మాటలు చెవిన పడితేనే నాలుక మీదికి వస్తాయనీ, ఆలస్యమైతే కష్టమనీ డాక్టరు వాళ్లకు చెప్పి పంపాడు. అంటే ఆ మిషన్ రోజూ పనిచేయాలి. అది మాత్రం నాలుగో నెలలో మూగబోయింది. లోపలి చిన్న బోర్డు మీద అతుకు ఊడింది. మళ్లీ అతికించి పంపాను. ఎనిమిదో నెలలో అదే చోట ఊడింది. మళ్లీ అతికించాను. తప్పు నాది కాదు, ఆ బిడ్డదీ కాదు. ఆ సరుకే అంత. అలాంటివి అప్పటికే నా చేతికి చాలా వచ్చాయి, అన్నీ ఒకే చోట ఊడినవే. ఎన్నిసార్లు అతికించినా నిలవదని నాకు తెలుసు. తెలిసీ, ‘ఇంక ఏం భయం లేదమ్మా’ అని చెప్పి పంపేవాణ్ణి. ఆ ఎనిమిదో నెలలోనే ఆమె నవ్వుతూ చెప్పింది, పాప అమ్మా అని పిలుస్తోందనీ, పిల్లిని దా దా అంటోందనీ.

మూడోసారి వచ్చింది పన్నెండో నెల చివర్లో. ఈసారి ఆమె నవ్వలేదు. గ్యారంటీ కార్డు తీసి బల్ల మీద పెట్టి, మడతలు చేత్తో సాపు చేసింది.

"మూడుతూర్లు చెడిపోతే కొత్తది ఇస్తామని ఇందులో రాసుండాదంట సార్. మా ఈదిలో టీచరమ్మ చదివి చెప్పినాది. ఏడాది నిండేదానికి ఇంకా తొమ్మిది దినాలుండాయి. ఇయ్యకపోతే చిత్తూరులో కన్స్యూమర్ కోర్టుండాది, ఆడ వెయ్యమనినాది."

బెదిరింపుగా అనలేదు. ఒప్పజెప్పినట్టు, ఎక్కడ మర్చిపోతానో అన్నట్టు గబగబా చెప్పింది. నేను లోపలికి వెళ్లి ఓనరుతో చెప్పాను. ఆయన తలపట్టుకున్నాడు.

"ఈ నెలలో ఇది మూడోది పా. ఇంకోటి వాపసొస్తే డీలర్‌షిప్ తీసేస్తామని కంపెనీవాళ్లు లెటర్ పెట్టినారు. నీళ్లు దిగినాయని రాసెయ్. నీళ్లు పడితే గ్యారంటీ లేదు, కార్డులోనే ఉండాది."

రాసెయ్ అన్నాడు. అంతే అన్నాడు. ఇక్కడ నేను నిజాయితీగా ఉండాలి, లేకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. తడపమని ఆయన చెప్పలేదు. అది నా తెలివే. ఊరికే రాసి చేతిలో పెడితే ఆమె నమ్మదని నాకు తెలుసు. అలా కార్డు సాపు చేసి పెట్టే మనిషి, చూపించండి సార్ అంటుంది. చూపించడానికి ఏదో ఒకటి కావాలి.

నా బల్లకూ బయటి బెంచీకీ మధ్య అడ్డంగా ఒక చెక్క ఉండేది. ఆమె బెంచీ మీద కూర్చుంది. నేను బల్ల దగ్గరికి వచ్చి మిషన్ విప్పాను. తాగడానికి పెట్టుకున్న గ్లాసులో దూది ముంచి, బోర్డు మీద రెండు చుక్కలు పిండాను. తలెత్తితే పాప. చెక్కకు చివర, బల్ల అంచు మీద గడ్డం ఆనించి నా చేతుల వైపే చూస్తోంది. ఎప్పుడు వచ్చిందో. స్క్రూడ్రైవర్ ఆట మళ్లీ ఆడతాననుకుందో ఏమో.

నా చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచనను ఇన్నేళ్లూ నాకు నేను కూడా మాటల్లో పెట్టుకోలేదు. ఇప్పుడు పెడుతున్నాను. చూస్తే ఏముంది, ఇది చెప్పలేదు కదా, అనుకున్నాను. చెవి మిషన్ అమ్మేవాణ్ణి, ఆ బిడ్డకు మాట రావాలని తెల్లకోటు వేసుకుని కూర్చున్నవాణ్ణి, దానికి మాట లేకపోవడం చూసి ధైర్యం తెచ్చుకున్నాను.

ఆమెను పిలిచాను. "చూడమ్మా, లోపల తడి. నీళ్లు దిగినాయి."

ఆమె వంగి చూసింది. తడి కనబడుతూనే ఉంది.

"యాడివి సార్ నీళ్లు? తలకి పోసేటప్పుడు నేనే తీసి గూట్లో పెడతాను. రొంత తడి కూడా తగలనియ్యను."

"నువ్వు చూడనప్పుడు బిడ్డ ఏం చేస్తాందో నీకేం తెలుసమ్మా?"

ఆ మాట అన్నది నేనే. ఆమె పాప వైపు తిరిగింది. పాప చెయ్యెత్తి, వేలు పెట్టి నన్ను చూపించింది. తర్వాత గ్లాసును చూపించింది. మళ్లీ నన్ను. గొంతులోంచి ఆ, ఆ అని శబ్దం. వాళ్లమ్మ ఆ చేతి మీద ఫట్టున కొట్టింది.

"చేసేది చేసి సార్‌ని ఏలు పెట్టి చూపిస్తావా? పెద్దంతరం చిన్నంతరం లేదా?"

పాప మళ్లీ చూపించింది. ఈసారి చెంప మీద పడింది. చెవికి ఆ పక్కనే.

అప్పుడైనా నోరు తెరవచ్చు. తెరిచాను కూడా. ఆమె కళ్లలో ఇంకా కొంచెం అనుమానం ఉంది, కొట్టిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, బిడ్డను నమ్మాలా నన్ను నమ్మాలా అన్నట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. మా కొట్టు వాకిట్లోంచి కొండ కనబడుతుంది. నేను అటు చెయ్యి చాపాను. ఆమె ఒట్టు అడగలేదు. ఎవరూ అడగలేదు.

"కొండ తట్టు చూసి చెప్తాండానమ్మా. నీళ్లే."

అంతే. తిరుపతిలో ఉంటూ కొండ వైపు చూసి అబద్ధం చెప్పేవాడు ఉంటాడని ఆమెకు తోచి ఉండదు. కార్డు మీద ఇంగ్లీషులో రాశాను, నీళ్లు దిగినందువల్ల చెడిపోయింది, వాడినవాళ్ల అజాగ్రత్త అని. సంతకం పెట్టాను. ముద్ర కొట్టాను. ఆమె కార్డును మళ్లీ అవే మడతల్లో మడుచుకుని, పాప రెక్క పట్టుకుని వెళ్లిపోయింది. మా ఓనరు ఆ సాయంత్రం నాకు టీ తెప్పించాడు. తాగాను.

ఇవీ సాకులు. ఓనరు ఒత్తిడి, ఉద్యోగం పోతుందన్న భయం, పెళ్లయిన కొత్త. ఇవన్నీ నిజాలే. నిజాలు కాబట్టే ఇన్నేళ్లు అక్కరకు వచ్చాయి.

ఇక రెండోది.

నాలుగేళ్ల తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. కొత్త మిషన్ ఎవరో శిబిరంలో ఉచితంగా ఇచ్చారట, చెవిలో అమరే బిళ్ల చేయించడానికి అచ్చు తీయించుకోవాలని వచ్చారు. ఆ రోజు ఓనరు ఊళ్లో లేడు. కొట్లో నేనొక్కణ్ణే. ఆమెను గుర్తుపట్టగానే బల్ల మీది పనిముట్లు సర్దడం మొదలుపెట్టాను. ఆమె మాత్రం ఆత్మీయులను చూసినట్టు నవ్వింది.

అచ్చు తీస్తుంటే ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆ కార్డు తీసుకుని టీచరమ్మ తోడుగా చిత్తూరు పోయారట. వకీలు నా రాత చదివి, మిషన్ బాగుచేసే మనిషే ఇట్ల రాసిచ్చినాక కేసు నిలవదన్నాడట. రెండేళ్లు మిషన్ లేకుండానే గడిచిపోయాయట. వచ్చిన ఆ రెండు మూడు మాటలూ పోయాయట. తర్వాత తిరుపతిలోనే చెవిటి పిల్లల బడిలో, హాస్టల్లో వేశారట, అక్కడ బడివాళ్ల పాత మిషన్‌తో నెట్టుకొచ్చిందట.

"మీరేం చేస్తారు సార్, ఇదే కదా నీళ్లల్లో ఏసుకునింది. ఇప్పుడు బుద్ధొచ్చినాది లెండి. చూడండి."

చూశాను. నేను మిషన్ అందించబోతే పాప వెంటనే తీసుకోలేదు. రెండు చేతులూ పావడాకు తుడుచుకుంది. అరచేతులు తిప్పి చూసుకుంది. మళ్లీ తుడుచుకుంది. అప్పుడు చాపింది. ఆ చేతులు పొడిగా ఉన్నాయి. వచ్చినప్పటి నుంచీ పొడిగానే ఉన్నాయి.

"ఎన్ని దెబ్బలు తినిందో సార్ దీనికోసరం," అంది ఆమె. తర్వాత తల నిమిరింది. "కానీ బాగా చదువుతాది. మా ఇంట్లో అచ్చరం వచ్చింది ఇదొక్కదానికే."

పాప మా ఇద్దరి పెదాలనూ చూస్తోంది. ఉన్నట్టుండి నా బల్ల మీది పెన్సిల్ తీసుకుంది. రసీదు పుస్తకం తనవైపు లాక్కుని, వెనక కాగితం మీద నెమ్మదిగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. రాసి నా ముందుకు తోసింది. తోసి వాళ్లమ్మ భుజం తట్టి, నన్ను చూడమన్నట్టు గడ్డంతో సైగ చేసింది. వేలు ఎత్తలేదు.

‘నీళ్లు నేను కాదు. నువ్వు.’

ఆమె కాగితం మీదికి వంగింది, కూతురి రాతను మురిపెంగా చూసుకుంది. తలెత్తి నన్ను అడిగింది.

"ఏం రాసినాది సార్?"

ఆలోచించండి. ఆ రోజు నన్ను ఒత్తిడి చేసేవాడు లేడు. గ్యారంటీ ముగిసి నాలుగేళ్లయింది, ఇక కోర్టు లేదు, ఫిర్యాదు లేదు. కంపెనీ ఆ రకం మిషన్లు చేయడమే మానేసింది. నిజం చెబితే నా ఉద్యోగం పోదు, ఎవరికీ పైసా నష్టం లేదు. ఆమె రెండు తిట్లు తిడుతుంది, కొడుతుందేమో, కొట్టనీ. చదివితే చాలు. నాలుగు మాటలు. పైకి చదవడమే నా పని.

మరి ఎందుకు చదవలేదు? ఎన్నోసార్లు తవ్వి చూసుకున్నాను. అడుగున దొరికేది ఒక్కటే. ఆమె నన్ను సార్ అంది. ఆ కాగితం చదివాక అనదు.

"బ్యాటరీలు కావాలంటాందమ్మా," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "దీనికి బ్యాటరీల పిచ్చి సార్!" నేను సొరుగు లాగి బ్యాటరీల పట్టీ ఒకటి తీసి, డబ్బు వద్దమ్మా అంటూ పాప చేతిలో పెట్టాను. పాప ఆ పట్టీని చూసింది. నవ్వుతున్న వాళ్లమ్మను చూసింది. నేనేం చెప్పానో దానికి అర్థమయింది. నేను మళ్లీ తలెత్తే లోపల పట్టీ నా బల్ల మీద ఉంది, పాప వాకిలి దాటి మెట్ల మీద నిలబడి ఉంది, ఇటు తిరగకుండా. వాళ్లమ్మ ఆ పట్టీ తీసుకుని, నాకు దండం పెట్టి వెళ్లింది.

కాగితం నలిపి పారేశాను. దాచుకున్నానని చెబితే బాగుండేది, కానీ పారేశాను. తర్వాత ఆ పని మానేశాను. ఒకసారి నగరి బస్సెక్కాను, చెప్పేద్దామనే. పుత్తూరులో దిగిపోయి కాఫీ తాగి వెనక్కి వచ్చాను. ఆ పాపకు ఇప్పుడు పిల్లలుండే వయసు. వాళ్లమ్మ ఉందో లేదో తెలియదు. ఉంటే, నా బిడ్డే మిషన్ పాడుచేసుకుందని ఇప్పటికీ నలుగురితో చెబుతూ ఉంటుంది. క్షమించమని అడగను. అడిగితే ఆ భారం కూడా వాళ్ల మీదే వేసినట్టవుతుంది. ఆ రోజు ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది, నేను జవాబు బాకీ ఉన్నాను, అంతే. ఇది రాస్తుంటే ఊపిరి ఇన్నాళ్లూ ఆడినదానికంటే సాఫీగా ఆడుతోంది.

నీళ్లు నేను కాదు, నువ్వు, అని రాసిందమ్మా. నిజమే రాసింది.