రూతమ్మగారి ఓవెన్

నిన్న ఓవెన్ లోపలి గోడలకు తడిపిన వంటసోడా పూస్తుంటే మాడిన పంచదార వాసన గుప్పున వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు రూతమ్మగారే గుర్తొస్తారు.

తొంభైలలో మా ఆయనకు పోర్టులో ఉద్యోగం రావడంతో భీమవరం నుంచి వచ్చి కంచరపాలెంలో కాపురం పెట్టాం. పక్క వాటాలో రూతమ్మగారు ఒక్కరే ఉండేవారు. ఆస్పత్రిలో నర్సు. వీధి మొత్తానికీ క్రిస్మస్ కేకులు ఆవిడే చేసేవారు. నేను అంతవరకూ ఓవెన్ చూసి ఎరగను. మంట లేకుండా పిండి ఎలా పొంగుతుందో చూడాలని దాని అద్దం ముందు పీట వేసుకుని కూర్చునేదాన్ని. కింది కాయిల్ ఎర్రబడింది, పైది ఎందుకు ఎర్రబడలేదు అంటూ ఆవిడ ప్రాణం తీసేదాన్ని. "అడగమ్మా, అడుగు. నాకు తెలీనిదైతే ఇద్దరం సూద్దాం," అనేవారు ఆవిడ.

కేకులయ్యాక ప్రతిసారీ ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, గోడలకు సోడా ముద్ద పట్టించి గుడ్డతో తుడిచేవారు. కాయిల్‌కి మాత్రం తడి తగలనిచ్చేవారు కాదు. అన్నీ అడిగిన నేను అదెందుకో అడగలేదు.

ఒక ఏడు క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, ఆవిడ డ్యూటీకి వెళ్తూ తాళం నాకిచ్చారు. ఆవిడ సంతోషిస్తారని నేను ఓవెన్‌లో సబ్బునీళ్ళు చిమ్మి, కాయిల్‌తో సహా పీచు పెట్టి తళతళలాడేలా తోమేశాను. సాయంత్రం ఆవిడ పిండి కలుపుకుని స్విచ్ వేయగానే టప్పుమని పేలింది. మా నాలుగు వాటాల్లోనూ కరెంటు పోయింది.

"ఇదేటి, లోపల తడేటి?" అన్నారు. "నిన్న నానే సరిగ్గా తుడిసుండను. మతి పోతంది నాకు," అని నిట్టూర్చారు.

కలిపిన పిండి పాడవకుండా పెద్ద గిన్నెలో ఇసుక పోసి, స్టవ్ మీద కాచి, అందులో కేకు గిన్నె దించి, మూతపెట్టి కాల్చారు. ఇసుక మోసుకొచ్చింది నేనే. నిజం మాత్రం చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఏడుస్తూ చెప్పేశాను. ఆవిడ ముందు నా చెయ్యి పట్టుకుని చూశారు. "షాకేం కొట్టలేదు కదా?" "నిన్ననే సెప్పుంటే, నాకు మతి పోతందని బెంగపడేదాన్ని కాదు కదమ్మా," అన్నారు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

వెంటనే స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చారు. "రా, ఏటయిందో సూద్దాం." వెనక రేకు విప్పితే, కాయిల్ చివరనున్న పింగాణీ గొట్టంలో నీళ్ళు, దాని పక్కనే మాడిన వైరు. "సూడు, నీళ్ళిక్కడ నిలిసిపోనాయి." మాడిన ముక్క కత్తిరించి వైరు కలిపారు. పగలంతా డాబా మీద ఎండబెట్టాం. సాయంత్రానికి కాయిల్ మళ్ళీ ఎర్రబడితే ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

తర్వాత కొన్నేళ్ళకి నేను మిక్సీలు, ఓవెన్లు బాగుచేసే చిన్న షాపు పెట్టాను. చెడిపోయిన సామాను పట్టుకుని తలదించుకుని వచ్చే ఆడవాళ్ళని, ఎవరు పాడుచేశారని నేను అడగను. ఏం జరిగిందని అడుగుతాను. వెంటనే చెప్పకపోతే తొందరపెట్టను. నాకూ ఒక రాత్రి పట్టింది.