ఆస్ట్రేలియా పుస్తకాలు చదివిన ఓబులేసన్న

గత గురువారం మధ్యాహ్నం కువైట్ సిటీలో, ఒక బ్యాంకు ముందు ఆపిన కారులోనే మా ఓబులేసన్న గుండె ఆగి కన్నుమూశాడు. లోపల పని చూసుకుని వచ్చిన మా యజమానురాలు, మేం మామా అని పిలిచే ఆవిడ, అద్దం తట్టి తట్టి లేపబోయిందట. ఆ దుర్వార్త విన్నప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. అదింకా చల్లారలేదు.

ఇక్కడ జాబ్రియా పేటలో ఒకే ఇంట్లో ఆరేళ్లు ఆయన డ్రైవరు, నేను పనిమనిషిని. అంతకుముందు రాజంపేటలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. బడి మూతపడితే కువైట్ వచ్చాడు. మామా కూతురు మెల్‌బోర్న్‌లో చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడల్లా అక్కడ కొత్తగా అచ్చయిన నవలలూ, చరిత్రలూ, ఆత్మకథలూ తెచ్చి, చదివి వదిలేసి పోయేది. పారేయమని మామా ఇస్తే ఓబులేసన్న తన గదిలో దాచుకున్నాడు. కారులో కూర్చుని ఒక్కొక్కటే చదివాడు. బి.ఏ. తెలుగుతో ఆగిపోయిన నాకు ఇంగ్లీషు చదవడం నేర్పింది ఆయనే, ఆ పుస్తకాలతోనే.

కొన్ని శుక్రవారాలు జహ్రాలో మనవాళ్ల గదికి వెళ్లి తాను చదివింది చెప్పేవాడు. ఒకసారి నేనూ వెళ్లాను. "ఆస్ట్రేలియావోళ్ల గోల మనకేల అన్నా?" అని కడప వాళ్లు నవ్వారు. ఆయన లెక్కచేయలేదు. అడవి మంటల్లో ఇల్లు కాలిపోయిన ఒక నర్సు రాసుకున్న నిజ జీవితం ఎత్తుకున్నాడు. తన తల్లి కుట్టుమిషను కోసం ఆమె బూడిదలో వెతుక్కునే చోటికి వచ్చేసరికి, నవ్వినవాళ్లే ముందుకు జరిగి కూర్చున్నారు.

"మల్ల ఇల్లు కట్టుకున్నదా సార్ ఆమె?" అన్నాడు జగిత్యాల తాపీమేస్త్రీ ఒకాయన.

"పుస్తకం అయిపోయేసరికి పునాది తీసిందయ్యా."

"ఎంత లోతు తీసిన్రట?"

ఓబులేసన్న నవ్వలేదు. పుస్తకం తెరిచి, ఆ సంగతి రాసిందేమోనని వెతికాడు.

ఆ కొత్త పుస్తకాల మీద ఒక సుదీర్ఘ వ్యాసం రాసి తెలుగు పత్రికకు పంపాడు. అందులో పొగడ్తలే లేవు. "ఈ నవలలో ఇల్లు తుడిచే మనిషికి పేరుంది, నోరు లేదు" అని నిలదీశాడు. సంపాదకుడు ఫోన్ చేశాడు. "మీ గల్ఫ్ కష్టాలు రాయండి, పాఠకులు ఏడవాలి. విదేశీ సాహిత్యానికి ఇక్కడ ప్రొఫెసర్లున్నారు."

ఫోన్ పెట్టేసి ఆయన నాతో అన్న మాట మరువలేను: "నా కన్నీళ్లు కావాలంటమ్మా. నా చదువు అక్కరలేదంట."

ఆయన పోయాక, మరణవార్త రాసి, ఆ వ్యాసాన్ని నేనే మళ్లీ పంపాను. "ఫొటోతో వేద్దాం. పుస్తకాల భాగం తగ్గించి ఆయన పడ్డ బాధలు కలపండి" అన్నాడు ఆ సంపాదకుడే. కలపనన్నాను. ఆయన బాధలు పడలేదని కాదు. ఆ బాధల నడుమ ఏం ఆలోచించాడో ఒక్కరూ అడగలేదే అని నా ఉక్రోషం.

గది ఖాళీ చేయిస్తూ మామా, "ఖలాస్, ఇవన్నీ పారేయ్" అంది. "ఇవి నావి మామా" అని అబద్ధమాడాను.

చివరగా ఆయన చదువుతున్నది ఎండిన నది ఒడ్డున బతికే అక్కచెల్లెళ్ల నవల. ఆయన ఆపిన పుట నుంచి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, నిన్న ముగించాను. ఆఖరి పుటలో అక్క అన్న మాట కోపమో క్షమాపణో నాకు బోధపడలేదు. నా గురువుకు, ఆ నిరంతర విద్యార్థికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ మాట అర్థం అడగడానికి ఈ ఊళ్లో నాకిక మనిషి లేడు.