పెనాల్టీ కుర్చీ

పప్పులో పోపు వేస్తున్నాను. ఆవాలు చిటపటమనగానే మా అబ్బాయి అశోక్ రెండు చేతులతో చెవులు మూసుకుని వంటింటి నేల మీద కూలబడ్డాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. "అమ్మా, ప్లీజ్, మేక్ ఇట్ స్టాప్" అన్నాడు. ఏదో తేడాగా ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

వాడి వృత్తి ఏమిటో ముందు చెప్పాలి. నేను కెనడాలోని సార్నియాలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇక్కడే పుట్టిన అశోక్ మొన్నమొన్నటిదాకా చిన్న ప్రొఫెషనల్ లీగుల్లో ఐస్ హాకీ ఆడేవాడు. గోల్స్ కొట్టే ఆటగాడు కాదు, ఎన్‌ఫోర్సర్. తన జట్టులో గోల్ కొట్టేవాళ్ల జోలికి ఎవడైనా వస్తే గ్లవ్స్ కింద పడేసి పిడికిళ్లతో తలపడాలి. జీతం అందుకే. కొట్లాట అయ్యాక రిఫరీ వేలు చూపిస్తే వెళ్లి పెనాల్టీ బాక్సులో అయిదు నిమిషాలు కూర్చోవాలి. జనం లేచి చప్పట్లు కొట్టేవారు. మన తెలుగువాళ్ల విందుల్లో మాత్రం "మీ వాడు ఇంకా తన్నులాటలేనా?" అని నవ్వేవారు. ఆ తలలో ఏం జరుగుతోందని చప్పట్లు కొట్టినవాళ్లూ అడగలేదు, నవ్వినవాళ్లూ అడగలేదు. ఒక మనిషి మెదడును టికెట్టు పెట్టి వినోదంగా అమ్మే సమాజం తనను నాగరికమని చెప్పుకోకూడదు.

వంటింట్లో అలా కూలబడ్డాక CT scan తీశారు, MRI తీశారు. రెండూ నార్మల్. దేశానికి ఆ చివరనున్న సర్రీ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది.

"రిపోర్టులన్నీ నార్మలేనటగా వదినా! మరి గ్రహాలు కాక ఇంకేమిటి? హోమం చేయించు."

"హెల్మెట్ మీద గుద్దింది గ్రహాలు కాదమ్మా, మనుషులు" అన్నాను.

ఎదురుచూడగా ఎదురుచూడగా neurologist అపాయింట్‌మెంట్ దొరికింది. "స్కాన్‌లో కనబడకపోతే గాయం లేదని కాదు" అన్నాడాయన. "హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది. లోపల మెదడు కుదుపును ఆపలేదు." దాన్ని post-concussion syndrome, అంటే మెదడు కుదుపు తర్వాత వదలని లక్షణాలు, అన్నాడు. "ఈజ్ ఇట్ CTE?" అని అశోక్ సూటిగా అడిగాడు. డాక్టరు అబద్ధమాడలేదు. "మెదడు మెల్లగా క్షీణించే ఆ జబ్బు తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లకు రావచ్చు. బతికున్న మనిషిలో ఖాయంగా తేల్చలేం. నీ లక్షణాల్లో చికిత్సకు లొంగేవి చాలా ఉన్నాయి. అక్కడ మొదలుపెడదాం."

జీవితమంతా రుజువు చూపించమని వాదించినదాన్ని. 'తెలియదు' అనగలిగిన ఆ డాక్టరు మీదే నాకు నమ్మకం కుదిరింది.

తలనొప్పికి మాత్రలు, నిద్రకు ఒక క్రమం, కళ్లు తిరగకుండా vestibular physiotherapy. గోడ మీది అక్షరాన్ని చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి. మొదట్లో వాంతి చేసుకునేవాడు. మెల్లగా వీధి చివరిదాకా నడవగలిగాడు.

అంతలో దెబ్బ పడింది. మా వారు పోయాక బేస్‌మెంట్ విద్యార్థులకు అద్దెకిచ్చాను. ఇండియా నుంచి పిల్లలు వెల్లువలా వచ్చి ఊళ్లో గది దొరకని రోజులవి. వాళ్లలో కరీంనగర్ కుర్రాడు నవీన్ ఒక మధ్యాహ్నం పైకొచ్చి మా వంటింట్లో మిక్సీ వేశాడు. అశోక్ వాడి కాలర్ పట్టుకుని ఫ్రిజ్‌కేసి అదిమేశాడు. మరుక్షణం వదిలేసి, తన చేతులకేసి చూసుకున్నాడు.

సాయంత్రానికి హాకీ బ్యాగులో బట్టలు కుక్కుతున్నాడు. "ఐయామ్ నాట్ సేఫ్, అమ్మా. ఎక్కడికైనా వెళ్లిపోతా." కింద నవీన్ కూడా సూట్‌కేసు సర్దుతున్నాడు.

"కారు లేకుండా ఈ ఊళ్లో ఎక్కడికి పోతావురా?" అని నవీన్‌ను అడిగాను.

"ఏమో ఆంటీ. అన్న మంచోడే. మంచిగున్నప్పుడు చలిల నన్ను కాలేజీకి దింపిండు. గానీ భయమైతుంది."

ఇద్దరినీ క్లినిక్ అపాయింట్‌మెంట్ దాకా ఆగమని బతిమాలాను. రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయించే occupational therapist అక్కడ అశోక్‌ను అడిగింది: "ఆడేటప్పుడు రింక్‌లో నీ కోపం ఎలా ఆగేది?"

"రిఫ్ పాయింట్ చేస్తాడు. వెళ్లి కూర్చుంటా. నెవర్ ఆర్గ్యూడ్."

"ఇంట్లో ఎవరు పాయింట్ చేస్తారు?"

వాడు నా వంక చూశాడు.

ఇంటికొచ్చి వరండాలో ఒక కుర్చీ వేశాం. నవీన్‌ను కూడా పిలిచి నియమం చెప్పాం: ఎవరు వేలు చూపించినా మాట్లాడకుండా వెళ్లి అయిదు నిమిషాలు కూర్చోవాలి.

"అన్నా, మరి నాకో విజిల్ గూడ కొనియ్యాలె" అన్నాడు నవీన్.

"నో విజిల్, మ్యాన్! మై హెడ్!" అశోక్ నవ్వాడు. ఆ నవ్వు విని ఎంతకాలమైందో.

కొన్నాళ్లకు నవీన్ చేతిలోంచి స్టీలు పళ్లెం జారింది. అశోక్ పిడికిలి బిగించి లేచాడు. నవీన్ గోడకు అతుక్కుపోయాడు. అయినా వేలితో వరండా చూపించాడు. అశోక్ భుజాలు దిగాయి. వెళ్లి కూర్చున్నాడు. ఆ రాత్రి నవీన్ సూట్‌కేసు మంచం కిందికి చేరింది.

ఇప్పటికీ తలనొప్పులు వస్తాయి. నయమైపోయిందని నేను రాయను. ఉదయాలు చిన్నపిల్లలకు స్కేటింగ్ నేర్పుతున్నాడు. కొట్లాట నేర్పడు. పోపు మాత్రం నేను వాడు బయటికెళ్లాకే వేస్తాను.

మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే ఒక్క మాట. కోపం వచ్చాక మాటలు చెవికెక్కవు. అందరూ ప్రశాంతంగా ఉన్న రోజునే ఒక సైగ, ఒక చోటు నిర్ణయించుకోండి. ఆ నియమం రోగికి మాత్రమే పెట్టకండి, ఇంట్లో అందరికీ పెట్టండి.

మొన్న మా ఆడపడుచు మళ్లీ హోమం సంగతి ఎత్తింది. నా గొంతు పెరిగింది. తలెత్తితే గుమ్మంలో అశోక్, వరండాకేసి వేలు చూపిస్తూ. వాదించాలనిపించింది. ఫోన్ వాడి చేతిలో పెట్టి వెళ్లి కూర్చున్నాను. వాడి వచ్చీరాని తెలుగు లోపల్నుంచి వినబడింది.

"అత్తా, అమ్మ పెనాల్టీలో ఉంది. తర్వాత కాల్ చెయ్."