అత్త కలిపిన చక్కెర లేని షర్బత్

మా మేనత్త పోయింది. మొన్న మంచిర్యాల ఆసుపత్రిలో, డయాలసిస్ అయ్యాక ఇంటికి బయల్దేరే లోపే. "మీ అత్త ఇగ లేదు బిడ్డా," అని మామ ఫోన్ పెట్టేశాడు.

బెల్లంపల్లి బస్టాండు దగ్గర ఆమె నిమ్మ షర్బత్ తాగని గని కార్మికుడు ఉండడు. కిడ్నీలు చెడిపోయాక ఆ షర్బత్ బండి అమ్మేసింది. రోజు విడిచి రోజు డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి. తాగే నీళ్లకు కూడా కొలత. "పలుపుకు కట్టేసిన బర్రెను నేను. ఆ పలుపు మంచిర్యాల దాకనే పోతది," అనేది. ఆదిలాబాద్‌లో చెల్లెలు చనిపోతే ఆ రాత్రి కూడా అక్కడ ఉండలేకపోయింది. తెల్లారితే మిషన్ అని సాయంత్రమే తిరుగు బస్సెక్కింది.

పోయిన ఎండాకాలం మామకు షుగర్ బయటపడింది. గనిలో పనికి చేరినప్పటి నుంచీ ఆయనకు ఆ షర్బతే ప్రాణం.

"చక్కెర లేకుంట నేను చేస్త. ఫికర్ చెయ్యకు," అంది అత్త.

కరీంనగర్ నుంచి చక్కెరకు బదులు వాడే సాకరిన్ బిళ్లలు, స్టీవియా, సుక్రలోజ్ పొడులు నేనే తెచ్చిచ్చాను. ఆమె కలిపేది, నాలుక మీద తిప్పి గిన్నెలో ఉమ్మేసేది. ఎంత దాహం వేసినా మింగడానికి లేదు.

"దూప అయితలేదా అత్తా?"

"నిద్రల గూడ దూపే బిడ్డా."

సాకరిన్ చివర్లో చేదెక్కింది. స్టీవియా అతిమధురం వేరు నమిలినట్టుంది. సుక్రలోజ్ తీపి ఆలస్యంగా వచ్చి నాలుకను వదల్లేదు. "సుట్టమోలె లేటుగొచ్చింది, పొమ్మన్నా పోతలేదు," అని నవ్వింది.

చివరికి సుక్రలోజ్‌లో కాస్త స్టీవియా కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి కప్పింది. చక్కెర లేక పులుపు కొడుతోందని నిమ్మరసం తగ్గించి, చిటికెడు ఉప్పు వేసింది. నీళ్లలా పల్చగా ఉందని నానిన సబ్జా గింజలు కలిపింది.

"ఒక్కదాన్నే నమ్ముకుంటే దాని చేదంత మనమే మొయ్యాలె. రెండు కలిస్తే జర సర్దుకుంటయి," అంది. ఇప్పుడు మా ఇంట్లోనూ అదే కలుపుకుంటున్నాం.

మామ మొదటి గ్లాసు ఆగకుండా తాగాడు. "మన బండి మీది లెక్కనే ఉన్నదే!" అని రెండోది అడిగాడు.

అత్త ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన గొంతు వైపే చూస్తోంది. అక్కడ గుటక పడినప్పుడల్లా, ఎండిన ఆమె గొంతు కూడా ఉత్తగా కదులుతోంది.