కంకిండి పిన్ని తలల లెక్క

మా కంకిండి పిన్నికి ఒకటే జబ్బు. ఎవరింటికి వెళ్లినా తలలు లెక్కపెడుతుంది. "బాగున్నారా" అనదు. గుమ్మం దగ్గర చెప్పులు చూస్తుంది, పొయ్యి దగ్గర పళ్లేలు చూస్తుంది, పెదవులు కదుపుతూ లెక్క తేల్చుకుని అప్పుడు కూర్చుంటుంది. పెళ్లికి వెళితే పెళ్లికూతురి మొహం చూడదు, "ఆ ఇంట్లో ఒకటి తగ్గింది, ఈ ఇంట్లో ఒకటి పెరిగింది" అంటుంది. మా నాన్న పోయిన రోజు వచ్చి, కళ్లు తుడుచుకుని, నా భుజం తట్టి, "అయితే ఇప్పుడు మీరు ఆరుగురు" అంది. ఆవిడ మీద నా కోపం ఆ రోజే మొదలైంది.

మా కొండ మీద ఇకిమినా అని పొదుపు సంఘం ఉంది. ఆదివారం చర్చి అయ్యాక అందరం తలా కొంత వేస్తాం. ఆ సంఘానికి పెద్ద మా పిన్నే. ఏటా జూన్‌లో ఆ పొదుపులోంచి మనిషికి మూడు వేల ఫ్రాంకుల చొప్పున ఆరోగ్య బీమా కట్టాలి. ఇంట్లో ఒక్కరికి కట్టకపోయినా ఇంటిల్లిపాదికీ చెల్లదు. ఈ నిబంధన ఎవడు పెట్టాడో గానీ, పిన్ని పోరు పడలేకే పెట్టి ఉంటాడు.

"ముందు బీమాకి తీసి పక్కన పెట్టండర్రా. ఆ మిగిలిందే మీది. లేదంటే ఆవు కొందామని దాచిందంతా ఆసుపత్రికి పోస్తారు," అని ప్రతి ఆదివారం అరుస్తుంది.

చెప్పడానికి బాగానే ఉంది. కానీ ఆవిడ ఒంటి మనిషి. ఒక గది, ఒక మేక. రోజూ చిలగడదుంపలే వండుకుంటుంది, ఏళ్ల తరబడి అదే పసుపు గుడ్డ చుట్టుకుంటుంది. అయినా సంఘంలో అందరికంటే ఎక్కువ వేసేది ఆవిడే. "మేకకి కూడా బీమా కడుతోందేమో!" అని అరటిసారా తాగుతూ నవ్వుకునేవాళ్లం. ఆ మాట మొదట అన్నది నేనే.

ఇక గకుబా సంగతి. మా ఆవిడ ఉవేరాకి దూరపు బాబాయి. నాలుగు రోజులుండి పోతానని వచ్చి ఏడాది ఉన్నాడు. ఊళ్లో తలకి ఇంతని చిక్కుడు విత్తనాలు పంచినప్పుడు, ఊరిపెద్ద పుస్తకంలో ఆయన పేరు మా ఇంటి కింద రాయించాను. బీమావాళ్లు చూసేదీ ఆ పుస్తకమే. జూన్ వచ్చేసరికి నా లెక్కలో ఆయన మళ్లీ చుట్టమైపోయాడు.

పిన్ని వచ్చి గుమ్మంలో నిలబడింది. పెదవులు కదిలాయి.

"చెప్పులు ఏడు జతలున్నాయి. ఆరుగురికే కట్టావేం గసానా?"

"ఏడోది చుట్టానిది పిన్నీ. ఇవాళో రేపో పోతాడు."

"చుట్టానికి సొంత పార ఉంటుందట్రా?"

గోడకి ఆనించిన పార కేసి చూశాను. పిడి మీద గకుబా చెక్కుకున్న గుర్తు చక్కగా కనబడుతోంది.

"విత్తనాలప్పుడు ఇంటి మనిషి, బీమా అప్పుడు చుట్టమా? సిగ్గు లేదూ! నీ పెళ్లానికి నెలలు నిండుతున్నాయి. పోయినసారి ఆపరేషన్ చేసి తీశారు. ఈసారి ఏం అమ్ముతావు, కుట్టు మిషనా?"

నేను దర్జీని. మిషను పోతే ఇంటిల్లిపాదీ పస్తే. ఆ మాట కలుక్కుమంది కాబట్టే గట్టిగా అరిచాను.

"నా ఇల్లు, నా ఇష్టం! మధ్యలో నువ్వెవరు?"

ఆ శనివారం ఊరంతా కలిసి ఉముగాండా అనే శ్రమదానం కింద కాలువ తవ్వాం. తర్వాత జరిగిన సమావేశంలో పిన్ని లేచింది. "గసానా ఇంట్లో ఆరుగురు మనుషులు, ఒక విత్తనాల మూట ఉన్నారు," అంది. కొండంతా నవ్వింది. గకుబా కూడా నవ్వాడు, నా మంటంతా అదే. మూడు వేలు కాదు, మూడు ఫ్రాంకులు కూడా కట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

జూలై రెండో వారంలో ఉవేరాకి నొప్పులొచ్చాయి. ఆరోగ్య కేంద్రంలో చూసి, ఆపరేషన్ తప్పదని జిల్లా ఆసుపత్రికి పంపారు. దారి పొడుగునా కళ్ల ముందు మిషనే. నా ఒట్టుని తిట్టుకున్నాను, గకుబాని తిట్టుకున్నాను, నిబంధన పెట్టినవాడి ఏడు తరాలనీ తిట్టుకున్నాను. కిటికీ దగ్గర గుమస్తా నా కార్డు నంబరు కొట్టింది.

"మీ ఇంట్లో ఆరుగురు. అందరికీ కట్టి ఉంది. లోపలికి తీసుకెళ్లండి."

"ఏడుగురం కదండీ?" అనేశాను. భయంలో నిజం ఆగలేదు.

"గకుబా అనే ఆయన పేరు పోయిన నెల వేరే ఇంటికి మారింది. కంకిండి గారింటికి."

"ఆవిడ ఒంటి మనిషండీ!"

గుమస్తా మళ్లీ తెర చూసింది. "పద్నాలుగు మంది. అందరికీ కట్టారు."

పేర్లు చదివించుకున్నాను. ఇటుకల బట్టీలో గూని ముసలాయన. కోడలు తరిమేసిన న్యిరాంజా. సంతలో మూటలు మోసే అన్నదమ్ములు. మా కొండ మీద ఎవరెవరు ఏ ఇంటి లెక్కలోంచి జారిపోయారో వాళ్లంతా ఉన్నారు. పిన్ని చిలగడదుంపలు ఎందుకు తిన్నదో అప్పుడు తెలిసింది. మేక మాట గుర్తొచ్చి చచ్చేంత సిగ్గేసింది.

ఉవేరా గట్టెక్కింది. ఆడపిల్ల. ఇంటికి రాగానే గకుబా మీద విరుచుకుపడ్డాను.

"వెళ్లి పేరు మార్పించుకున్నావు, నాతో ఒక్క మాట చెప్పొద్దా?"

"చుట్టాన్ని కదా అల్లుడూ," అన్నాడు తాపీగా. "మీ ఇంటి విషయాల్లో నేనెలా తలదూర్చను?"

సాయంత్రం పిన్ని వచ్చింది. దండం పెడదామని లేచాను. ఆవిడ నన్ను పట్టించుకోలేదు. ఆడా మగా అని కూడా అడక్కుండా పెదవులు కదిపింది.

"ఎనిమిది."

"ఏడు కదా పిన్నీ? గకుబా మీ ఇంట్లో..."

"అది చెప్పడానికే వచ్చాను!" అని కస్సుమంది. "ఉన్నది ఒక్క గది! పద్నాలుగు మందిమి! ఊపిరాడక చస్తున్నాను. బట్టీకి ఇంకొకడు కొత్తగా వచ్చాడు, వాణ్ణి ఎక్కడ పెట్టను? రేపు పొద్దున్నే వచ్చి నీ మనిషిని నువ్వు తీసుకుపో!"

మర్నాడు పొద్దున్నే వెళ్లి, పిన్ని కట్టిన మూడు వేలూ తిరిగిచ్చి, పుస్తకంలో గకుబాని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన మాత్రం మా అరుగు మీంచి లేవనేలేదు.