అమ్మకు ఎక్కని మత్తు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ పలకని సంగతి ఒకటుండేది. నేను అవ్వా అని పిలిచే మా అమ్మ రోజూ సాయంత్రం ఒక సీసా కల్లు తాగేది. మాది మేడిపల్లి. పొద్దంతా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టి నడుము విరిగిన ఆడవాళ్లకు మా వైపు కల్లు వింతేమీ కాదు. కానీ మేం చర్చికి, ప్రార్థనకు వెళ్లే ఇంటివాళ్లం, తాగకూడదు. బాపు మానేశాడు, అమ్మ మానలేకపోయింది. బీడీలు చుట్టే తునికాకు కట్టల కింద దాచి సీసా తెచ్చే పని నాది. బాపుకు తెలుసు. తెలియనట్టు అరుగు మీద కూర్చునేవాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నది ఆయన ఊతమాట.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకు పేగు మెలిపడింది. జగిత్యాలలో ఒక దవాఖానాకు తీసుకుపోతే వెంటనే ఆపరేషన్ అన్నారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి అమ్మ అలవాట్లన్నీ అడిగింది. కల్లు తాగుతుందా అని కూడా అడిగింది. ప్రార్థన చేయడానికి వచ్చిన మా పాస్టరయ్య పక్కనే నిలబడి ఉన్నాడు.

"మా ఇంట్ల గసొంటి అలవాటు లేదమ్మా," అన్నాడు బాపు.

అమ్మ నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. అమ్మ కూడా నోరు మెదపలేదు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ ముఖం బాగాలేదు. ఇద్దరికి సరిపడా మత్తు ఇచ్చినా అమ్మ కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయట. మరునాడు అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. "కోసుడు ఎరుకైంది బిడ్డ. మాటలన్ని ఇనవడ్డయి. ఒర్రుదామంటె నోరు రాలే." ఒళ్లు కదలకుండా ఇచ్చిన మందు పనిచేసిందని, మత్తు మాత్రం ఎక్కలేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆనాడు భయపడి చెయ్యి లాక్కున్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడోనాడు అమ్మకు వణుకు మొదలైంది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. మంచం మీద కూర్చుని, ఆకు లేదు, తంబాకు లేదు, గాలిలోనే బీడీలు చుట్టసాగింది. దారం ఇయ్యవేమని నన్ను తిట్టింది. గాలి సోకిందన్నాడు బాపు. డాక్టరమ్మ కల్లు సంగతి మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ లేదన్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు.

డాక్టరమ్మ ఆయన్ని వదిలేసి, వరండాలో బల్ల మీద నా పక్కన వచ్చి కూర్చుంది. బడి సంగతులు అడిగింది. తర్వాత, ఇంటికొచ్చిన చుట్టంలా, "మీ ఊళ్లె ఏ దుకాణంల కల్లు మంచిగుంటదే?" అంది.

సరుకు తెలిసినదాన్నని గొప్పగా చెప్పేశాను. "మూలమీది దుకాణందయితె మస్తు మత్తు. మా అవ్వ గదే తెమ్మంటది." అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆమె నన్ను కోప్పడలేదు. అలాంటి కల్లులో నిద్రమందు కలుపుతారని, అది అలవాటైన ఒంటికి దవాఖానా మత్తు ఒక పట్టాన ఎక్కదని, ఉన్నట్టుండి ఆపేస్తే ఇలా మతి తప్పుతుందని, ప్రాణమే పోవచ్చని చెప్పింది. "తాగుతె తాగింది బిడ్డ, నేనేమనను. దాచిండ్రు సూడు, గందుకే మీ అవ్వ గంత నొప్పి వడ్డది," అంటూ లేచి మందు రాయడానికి పోయింది.

ఇంజెక్షన్లు పడ్డాక రెండు రోజులకు అమ్మ మమ్మల్ని గుర్తుపట్టింది. విషయం తెలిసి పాస్టరయ్య ఆమె మంచం పక్కన కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు. అంత మెత్తని మనిషికి భయపడి మేం అమ్మను కత్తికి అప్పజెప్పాం.

అమ్మ బతికింది. కానీ కత్తెర చప్పుడు వింటే చాలు, ఆమెకు చెమటలు పట్టేవి. ఆకు కత్తిరించనిదే బీడీ లేదు. అందుకని నేను బడి మానేసి, ఆమెకు వినబడకుండా పెరట్లో కూర్చుని ఆకు కత్తిరించేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, ఆనాడు చెప్పకపోవడం నాదే తప్పని ఏడ్చాను.

"మీ బాపు మాట పోతదని నేనే సప్పుడు జెయ్యలే. నువ్వేం జేస్తవు?" అంది అమ్మ. ఆ మాట నాకు ఊరట ఇవ్వలేదు.

పోయినేడు కోరుట్లలో నాకు మోకాలి ఆపరేషన్ అన్నారు. మత్తు డాక్టరు, మా మనవడి ఈడువాడు, అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగాడు. కొడుకు, కోడలు, వియ్యపురాలు చుట్టూ ఉన్నారు. మా వాడు ఏమీ లేవనబోతుంటే ఆపాను. అమ్మ పోయినప్పటి నుంచి నిద్రమాత్ర వేసుకోనిదే నాకు కన్ను మూతపడదని, ఈమధ్య రెండేసి వేసుకుంటున్నానని చెప్పాను. కొడుకు తల దించుకున్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు, జాలేసింది. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ ఒక్క నిమిషం ఆనాడు అమ్మ కోసం మాట్లాడలేకపోయాను.